పడగ్గదికి ఎయిర్ ప్యూరిఫైయర్ కొనేముందు డబ్బా మీద ఏం చూడాలి, ఏం వదిలేయాలి

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఆస్తమా ఉంది, రాత్రిళ్లు దగ్గు ఎక్కువ. పడగ్గదికి ఒక పోర్టబుల్ ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామని మూడు చూసి పెట్టుకున్నా. ఒకటి 500 చదరపు అడుగులకి సరిపోతుందని పెద్దగా రాసుంది, కింద చిన్న అక్షరాల్లో సీఏడీఆర్ 200 అని ఉంది. రెండోదాంట్లో ఏడు స్టేజీల ఫిల్టర్, అయాన్, యూవీ అన్నీ ఉన్నాయి, సీఏడీఆర్ మాత్రం రాసి లేదు. మూడోది టేబుల్ మీద పెట్టుకునే చిన్నది, సీఏడీఆర్ 50, ఏ గదికి కావాలంటే ఆ గదికి పట్టుకెళ్లొచ్చు. మా గది 12 అడుగులకి 14, ఎత్తు 10. మావారేమో ఇవన్నీ దండగ, నాలుగు మొక్కలు పెట్టు చాలు అంటున్నారు. ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా? నా పేరు వేయకండి.

సమాధానం: కొనండి. దండగేం కాదు. కాకపోతే మీరు చూసి పెట్టుకున్న మూడింట్లో రెండిటిని ఇప్పుడే పక్కన పెట్టేయండి, మిగిలిన ఒక్కటి కూడా మీ గదికి బొటాబొటీయే, ఎందుకో చెప్తా. ముందు గది పొడవు వెడల్పులతో పాటు ఎత్తు కూడా రాసినందుకు మీకో దండం, ఎందుకంటే చాలామంది "మా గది మామూలు సైజేనండీ" అని రాసి ఊరుకుంటారు, మామూలంటే ఎంతో వాళ్లూ చెప్పరు, నేనూ ఊహించలేను, లెక్కంతా ఆ కొలతల మీదే నడుస్తుంది.

ఈ మెషీన్ లో బ్రహ్మవిద్య ఏం లేదండీ. ఒక ఫ్యాను, దానికో ఫిల్టరు. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోజెంతల్ అని ఇద్దరు ఒక మామూలు బాక్స్ ఫ్యాన్ కి నాలుగు పక్కలా మంచి రకం ఫిల్టర్లు టేపుతో అతికించి డబ్బాలా చేసే పద్ధతి చెప్పారు, చూడ్డానికి అందంగా ఉండదు, కూర్చున్న చోట చాలా స్థలం తింటుంది, కానీ గాలి శుభ్రం చెయ్యడంలో చాలా కంపెనీ మెషీన్లకి ఏమాత్రం తీసిపోలేదు. ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఫ్యానూ ఆ ఫిల్టరూ కాకుండా డబ్బా మీద ఇంకేం రాసున్నా అది అలంకారమే అని ముందు మనసులో పెట్టుకుంటే షాపులో తలకాయ నొప్పి సగం తగ్గుతుంది.

నేను ఏ మెషీన్ ని చూసినా అడిగే ప్రశ్న ఒక్కటే. రాత్రి మీరు నిజంగా ఏ స్పీడ్ లో పెట్టి పడుకుంటారో ఆ స్పీడ్ లో ఇది గంటకి ఎంత గాలిని శుభ్రం చేసి ఇస్తుంది? హై స్పీడ్ లో ఎంత ఇస్తుందన్నది కాదు, మీరు పడుకోగలిగే స్పీడ్ లో ఎంత అన్నదే. మిగతా కబుర్లన్నీ దీని తర్వాతే.

సీఏడీఆర్ అంటే అదే, నిమిషానికో గంటకో ఎంత శుభ్రమైన గాలి బయటికి వస్తుందో చెప్పే నంబరు. ఫ్యాను ఎంత గాలి తోస్తోంది, ఆ గాల్లో దుమ్ముని ఫిల్టరు ఎంత పట్టుకుంటోంది, రెండూ కలిసి ఇందులో వచ్చేస్తాయి, అందుకే అది అంత పనికొచ్చే నంబరు. కానీ రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది యూనిట్లు. కొందరు గంటకి క్యూబిక్ మీటర్లలో రాస్తారు, కొందరు నిమిషానికి క్యూబిక్ అడుగుల్లో, అంటే సీఎఫ్ఎమ్ లో రాస్తారు, 1 సీఎఫ్ఎమ్ అంటే గంటకి 1.7 క్యూబిక్ మీటర్లు. మీరు రాసిన 200 పక్కన ఏ యూనిట్ ఉందో మీరు రాయలేదు, క్యూబిక్ మీటర్లయితే అది 120 సీఎఫ్ఎమ్ కి కూడా చేరదు, పక్క కంపెనీది 150 సీఎఫ్ఎమ్ అని ఉంటే 200 కంటే 150 తక్కువ కదా అని మీరు దాన్ని వదిలేస్తారు, నిజానికి పెద్దది అదే. రెండో మెలిక ఏంటంటే ఆ నంబరు కొలిచేది మెషీన్ ని ఫుల్ స్పీడ్ లో పెట్టి, ఇది చాలామందికి తెలీదు, దీని దగ్గరికి మళ్లీ వస్తా. కొన్ని మెషీన్లకి పొగకి ఒకటి, దుమ్ముకి ఒకటి, పుప్పొడికి ఒకటి అని మూడు సీఏడీఆర్ లు ఇస్తారు, అలా ఉంటే పొగది చూడండి, అన్నిటికంటే సన్నటి కణాలు దాంట్లోనే ఉంటాయి, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లేవీ అవే.

ఇప్పుడు మీ గది లెక్క చూద్దాం. 12 ఇంటూ 14 ఇంటూ 10, మొత్తం 1680 క్యూబిక్ అడుగుల గాలి. ఆస్తమా ఉన్న పిల్లాడి గదికి గంటకి కనీసం ఐదు సార్లు ఆ గాలి మొత్తం ఫిల్టర్ లోంచి వెళ్లేంత కావాలనుకుంటే 8400, దాన్ని 60 తో భాగిస్తే 140 సీఎఫ్ఎమ్, క్యూబిక్ మీటర్లలో అయితే 240 దగ్గర. ఇంకో అడ్డదారి కూడా ఉంది, గది చదరపు అడుగుల్లో మూడింట రెండొంతులు ఎంతో అన్ని సీఎఫ్ఎమ్ లు ఉండాలని అమెరికాలో తయారీదార్ల సంఘం ఒకటి చెప్తుంది, అయితే ఆ లెక్క 8 అడుగుల ఎత్తుకి వేసింది. మీ 168 చదరపు అడుగులకి 112 వస్తుంది, మీ సీలింగ్ 10 అడుగులు కాబట్టి ఆ మేరకు పెంచితే మళ్లీ 140 దగ్గరికే వచ్చి ఆగుతాం. ఎటునుంచి వెళ్లినా అదే.

మరి ఆ మొదటి మెషీన్ వాళ్లు 500 చదరపు అడుగులు అని ఏ ధైర్యంతో రాశారు? అబద్ధం అనలేం, గంటకి ఎన్నిసార్లు అన్నది మాత్రం మింగేశారు. ఆ 200 గంటకి క్యూబిక్ మీటర్లే అనుకుంటే అది సుమారు 7000 క్యూబిక్ అడుగులు, 500 చదరపు అడుగుల గదికి 10 అడుగుల ఎత్తు వేసుకుంటే 5000, అంటే గంటకి ఒకటిన్నర సార్లు కూడా తిరగదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అలా. కవరేజ్ ఏరియా అన్న మాట ఎక్కడ కనపడ్డా దాన్ని దాటేసి సీఏడీఆర్ దగ్గరికి వెళ్లిపోండి, సీఏడీఆర్ అసలు రాయనే రాయలేదంటే ఆ డబ్బాని మళ్లీ అరలో పెట్టేయండి.

ఒకసారి తిరిగితే గాలంతా శుభ్రమైపోయినట్టే కదా, ఐదుసార్లు ఎందుకు అని మీవారు అడగొచ్చు, అడగాల్సిన ప్రశ్నే. శుభ్రమైన గాలి బయటికొచ్చి గదిలో ఉన్న మురికి గాలితోనే కలిసిపోతుంది, ఆ కలిసినదే మళ్లీ లోపలికి వెళ్తుంది, అందుకని గది గాలి మొత్తానికి సరిపడా ఒక్కసారి తిప్పినా దుమ్ము నూటికి 37 వంతులు ఇంకా అలాగే ఉంటుంది. పైగా గది సీలు వేసిన డబ్బా కాదు కదా, తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు, వీటిల్లోంచి బయటి గాలి వస్తూనే ఉంటుంది. చిల్లు పడవలో నీళ్లు తోడుతున్నట్టే ఇది, ఎంత తోడుతున్నారన్నదొక్కటే కాదు, ఎంత లోపలికొస్తోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. తలుపులు కిటికీలు వేసినా సందుల్లోంచి గంటకోసారి గాలి మారిపోతోందనుకుందాం, మెషీన్ కూడా గంటకోసారే తిప్పగలిగితే లోపల దుమ్ము బయట ఉన్నదాంట్లో సగం దగ్గర నిలబడిపోతుంది, రాత్రంతా నడిపినా అంతకంటే దిగదు. అదే మెషీన్ గంటకి నాలుగుసార్లు తిప్పితే ఐదో వంతుకి దిగుతుంది. కిటికీ బార్లా తీసి గంటకి పదిసార్లు గాలి మారేలా పెట్టుకుని నాలుగుసార్లు తిప్పే మెషీన్ వేశారనుకోండి, లోపల బయటికంటే మూడో వంతు కూడా తగ్గదు, కరెంటు మాత్రం కాలుతుంది. "కొన్నాం గానీ ఏం తేడా తెలీలేదండీ" అనేవాళ్లలో ఎక్కువమంది చిన్న మెషీన్ కొన్నవాళ్లో కిటికీ తెరిచి నడిపేవాళ్లో అయ్యుంటారు.

ఇప్పుడు ఆ స్పీడ్ సంగతి. ఇదే అసలు విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. ఫుల్ స్పీడ్ లో చాలా మెషీన్లు 50 డెసిబెల్స్ పైన అరుస్తాయి, పక్కన కూర్చుని మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి. పడగ్గదిలో రాత్రిపూట చప్పుడు 30 డెసిబెల్స్ దాటకుండా ఉంటే నిద్రకి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, పది డెసిబెల్స్ పెరిగితే మన చెవికి సుమారు రెండింతలు గట్టిగా వినపడుతుంది, అందుకని 50కీ 30కీ తేడా కాగితం మీద కనపడినంత చిన్నది కాదు. అప్పుడేమవుతుంది, మొదటి రోజు ఉత్సాహంగా హై లో పెడతారు, పిల్లాడు నిద్రపోడు, రెండో రోజు స్లీప్ మోడ్ నొక్కుతారు, ఇక అక్కణ్ణించి ఆ మెషీన్ జీవితమంతా స్లీప్ మోడ్ లోనే గడిచిపోతుంది. స్లీప్ మోడ్ లో వచ్చే గాలి చాలావాటిల్లో హై లో వచ్చేదాంట్లో మూడో వంతో నాలుగో వంతో, కొన్నిట్లో ఇంకా తక్కువ. మీ మొదటి మెషీన్ హై లో మీ గదిని గంటకి నాలుగు సార్లకి కొంచెం పైగా తిప్పుతుంది, అదేం తక్కువ కాదు, కానీ స్లీప్ లో పెడితే ఒక్కసారికి పడిపోతుంది, అంటే పైన చెప్పిన సగం దగ్గరే ఆగిపోయే కేసు. పిల్లాడు గదిలో ఉండేదేమో ఆ ఎనిమిది తొమ్మిది గంటలే.

అందుకని నేను చెప్పేది గది లెక్కకి సరిగ్గా సరిపోయేది కాకుండా ఒక సైజు పెద్దది కొనమని. మీ గదికి 240 చాలు అని లెక్క తేలింది కదా, మీరు 350 నుంచి 400 క్యూబిక్ మీటర్ల మధ్యది చూడండి, దాన్ని మధ్య స్పీడ్ లో పెట్టినా హై లో వచ్చేదాంట్లో సగం వచ్చిందంటే గంటకి నాలుగుసార్ల దగ్గర తిరుగుతుంది, ఆ స్పీడ్ లో చప్పుడు కూడా ఫ్యాను తిరుగుతున్న చప్పుడులా ఉంటుంది తప్ప మోటార్ ఏడుపులా ఉండదు. కొంతమంది తయారీదార్లు ఒక్కో స్పీడ్ కీ సీఏడీఆర్ ఎంతో, డెసిబెల్స్ ఎంతో టేబుల్ వేసి ఇస్తారు, అలా ఇచ్చినవాళ్లని కళ్లకద్దుకోవచ్చు, మిగతావాళ్ల దాంట్లో చూస్తే "20 డెసిబెల్స్ మాత్రమే!" అని ఒక మూల, సీఏడీఆర్ ఇంకో మూల ఉంటాయి, ఆ రెండూ ఒకే స్పీడ్ లో రావని మాత్రం ఎక్కడా ఉండదు. షాపులో నడిపించి వింటే కొంత తెలుస్తుంది, కానీ షాపు గోలలో హై స్పీడ్ కూడా మెత్తగానే వినిపిస్తుంది, కాబట్టి నచ్చకపోతే వెనక్కి తీసుకునే గడువు ఉందో లేదో కనుక్కుని, ఆ గడువులోపే ఇంట్లో రాత్రిపూట మధ్య స్పీడ్ లో పెట్టి పడుకుని చూడండి.

ఇక హెపా. మంచి ఫిల్టరే, అనుమానం లేదు, 1940లలో అణుబాంబు ప్రాజెక్టులో రేడియో ధార్మిక దుమ్ముని ఆపడానికి పుట్టిన రకం అది. 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం పట్టుకుంటుందని రాస్తారు, అది చదివి చాలామంది 0.3 కంటే సన్నవి జారిపోతాయేమో అనుకుంటారు, జల్లెడ లెక్కలో ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది మరి. కానీ హెపా జల్లెడ కాదు, చిక్కుబడ్డ పోగుల పొర. లావు కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకి కొట్టుకుంటాయి, మరీ సన్నవి తిన్నగా పోలేక అటూ ఇటూ కొట్టుమిట్టాడుతూ పోగులకి అంటుకుంటాయి, మధ్యలో 0.3 దగ్గర ఉన్నవే తప్పించుకోవడంలో ఘటికులు, అందుకే పరీక్ష వాటితో పెడతారు. అంటే రాసున్న నంబరు ఫిల్టరు కష్టపడే చోటిది, అంతకంటే సన్నవాటినీ లావువాటినీ ఇంకా బాగా పడుతుంది.

హెపాలో హెచ్13 గ్రేడు కావాలా హెచ్14 గ్రేడు కావాలా అని మాత్రం బుర్ర పాడు చేసుకోకండి. ఆపరేషన్ థియేటర్ లో ఆ తేడా ముఖ్యం, ఇంట్లో అదే గాలి మళ్లీ మళ్లీ ఫిల్టర్ లోకి వస్తుంది కాబట్టి ఒకసారి తప్పించుకున్నది పది నిమిషాల తర్వాత దొరుకుతుంది. గంటకి 100 క్యూబిక్ మీటర్ల గాలిని దాదాపు పూర్తిగా శుభ్రం చేసేదాని కన్నా 200 క్యూబిక్ మీటర్లని 95 శాతం శుభ్రం చేసేదే గదికి ఎక్కువ మేలు చేస్తుంది, మొదటిది ఇచ్చేది 100, రెండోది 190. హెపా టైప్, హెపా లాంటి, 99 శాతం అని ఏ సైజు కణాలకో చెప్పని రాతలు చూస్తే మాత్రం అనుమానించండి. ఇంకో చిన్న విషయం, ఫిల్టరు బయటికి తీసి అంచు చూడండి, చుట్టూ మెత్తటి రబ్బరో ఫోమో ఉండి గూట్లో బిగుతుగా కూర్చోవాలి. లొడలొడలాడితే గాలి ఫిల్టర్ లోంచి వెళ్లకుండా పక్కనుంచే జారుకుంటుంది, అప్పుడు హెచ్14 అయితే ఏంటి హెచ్40 అయితే ఏంటి.

మీ రెండో మెషీన్ సంగతి. ఏడు స్టేజీలంటే ఏడు రెట్లు శుభ్రం అని కాదండీ, పైన ఉండే వల ఒక స్టేజీ, హెపా ఒకటి, కార్బన్ ఒకటి, ఈ మూడూ సరే, ఇక ఏడు అయ్యేదాకా లెక్క పెంచడానికి అయాన్, యూవీ, ప్లాస్మా, కోల్డ్ క్యాటలిస్ట్ అని కలుపుకుంటూ పోతారు. యూవీతో క్రిములు చస్తాయి నిజమే, కానీ ఆ వెలుతురు కింద కొంతసేపు ఉండాలి, ఈ చిన్న మెషీన్లో గాలి ఆ లైటు ముందు నుంచి రెప్పపాటులో వెళ్లిపోతుంది. అయాన్ తో నాకున్న పేచీ వేరే. గాల్లోకి విద్యుదావేశం వదిలే పరికరాల్లో కొన్ని ఓజోన్ పుట్టిస్తాయి, ఓజోన్ పైన ఆకాశంలో ఉంటే రక్ష, ముక్కు ముందుంటే ఊపిరితిత్తులకి చురుకు, ఆస్తమా ఉన్నవాళ్లకి అది నేరుగా దాడి చేసినట్టే. కాలిఫోర్నియాలో 2010 అక్టోబర్ నుంచి అక్కడ అమ్మే పోర్టబుల్ ప్యూరిఫైయర్లు 0.050 పీపీఎం కంటే ఎక్కువ ఓజోన్ వదలకూడదని రూల్ పెట్టి పరీక్ష చేయించుకోమంటున్నారు, మీరు అక్కడ లేకపోయినా ఆ పరీక్ష పాసైందో లేదో చూసుకోవచ్చు. నన్నడిగితే పిల్లాడి గదికి అయాన్ లేని మెషీనే కొనండి, లేదా ఆ బటన్ విడిగా ఆపేసే వీలుండాలి, ఆపితే ఆగినట్టే ఉండాలి, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్లీ ఆన్ అయ్యే రకం వద్దు. ఫ్రెష్ ఎయిర్ వాసన అని గొప్పగా చెప్పేదాన్ని అసలు నమ్మకండి, శుభ్రమైన గాలికి వాసన ఉండదు. దీనికి సీఏడీఆర్ కూడా రాయలేదంటున్నారు కాబట్టి దీన్ని వదిలేయండి, చర్చే లేదు.

కార్బన్ ఫిల్టర్ గురించి ఒక ముక్క. హెపా పట్టేది కణాల్ని, వాసనలూ రసాయనాల ఆవిర్లూ దాంట్లోంచి దర్జాగా వెళ్లిపోతాయి, వాటికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అది కూడా బరువుగా, గింజలు గింజలుగా చేతిలో పట్టుకుంటే తెలిసేంత ఉండాలి. మామూలు మెషీన్లలో ఉండేది నల్లపొడి అద్దిన పల్చటి గుడ్డ, కొత్తలో కొన్నాళ్లు పనిచేసి తర్వాత నిండిపోతుంది. కొత్త ఫర్నిచర్, కొత్త పెయింట్ వాసన మీ సమస్య అయితే కార్బన్ బరువు ఎంతో అడగాలి, మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి మీరు దీనికోసం ఎక్కువ ఖర్చు పెట్టాల్సిన పనిలేదు. కార్బన్ డయాక్సైడ్ నీ, కార్బన్ మోనాక్సైడ్ నీ మాత్రం ఈ మెషీన్లు ఏవీ తియ్యలేవు, రాత్రంతా మూసిన గదిలో ముగ్గురు పడుకుంటే పొద్దున్నే కిటికీ తీసి కాసేపు గాలి ఆడనివ్వాల్సిందే. ఏసీ ఉంది కదా అనుకోకండి, స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, దాని వల సన్న దుమ్ముని ఆపదు.

మూడోది, ఆ ముద్దొచ్చే చిన్నది. గంటకి 50 క్యూబిక్ మీటర్లు అనుకున్నా మీ గదికి హై లో పెడితే గంటకోసారి, స్లీప్ లో పెడితే దాదాపు ఏం లేనట్టే. గది నుంచి గదికి పట్టుకెళ్లొచ్చన్న మాట వినడానికి బావుంటుంది గానీ, మెషీన్ ని హాల్లోకి తీసుకెళ్లిన మరుక్షణం నుంచి పడగ్గదిలో సందుల్లోంచి దుమ్ము మళ్లీ పోగవడం మొదలవుతుంది, తిరిగి తెచ్చి పెట్టాక బలమైన మెషీన్ కైనా గదిని దించడానికి అరగంట పడుతుంది, దీనికి అయితే తెల్లారిపోతుంది. పెద్ద మెషీన్లు ఆరేడు కిలోలు ఉంటాయి, హ్యాండిలో చక్రాలో ఉంటే పగలు హాల్లో, రాత్రి పడగ్గదిలో తిప్పుకోవచ్చు, అంతవరకే ఆ పోర్టబుల్ అన్న మాటని తీసుకోండి. మెడలో వేసుకునేవి, కప్పు సైజువి కూడా అమ్ముతున్నారు, వాటి గురించి రాసి మీ టైమ్ పాడు చెయ్యను.

ఇప్పుడు మీవారి మొక్కలు. ఆయన ఊరికే అనలేదు, 1989లో నాసా వాళ్ల ప్రయోగం ఒకటి ఉంది, చిన్న మూసిన పెట్టెలో మొక్క పెడితే కొన్ని రసాయనాలు తగ్గాయని, ఆ ముక్క అప్పట్నుంచి ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది. కానీ గది పెట్టె కాదు. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి 2019లో లెక్క తిరగేస్తే, మామూలుగా ఇంట్లోకి బయటి గాలి వచ్చిపోవడం వల్ల జరిగే శుభ్రానికి సమానం కావాలంటే నేల మీద ఒక్కో చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మీ గది 15 చదరపు మీటర్ల పైనే, 10 చొప్పున వేసినా 150 కుండీలు, ఇక మంచం ఎక్కడ వేస్తారు? అది కూడా ఆవిర్ల సంగతి, దుమ్ము సంగతి కాదు. అందానికి పెట్టుకోండి, కుండీలో తేమ నిలిచి బూజు పట్టకుండా మాత్రం చూసుకోండి, పిల్లాడికి అది ఇంకో తలనొప్పి.

ఆయన దండగ అన్నదాంట్లో ఒక నిజం లేకపోలేదు. బాబుకి దేనివల్ల ఎక్కువవుతోందో తెలీకుండా మెషీన్ కొంటే సగం దండగే అవ్వొచ్చు. పుప్పొడి, పొగ, పెంపుడు పిల్లి నుంచి వచ్చే అలర్జీ కణాలు ఇవి గాల్లో తేలుతుంటాయి కాబట్టి మెషీన్ కి దొరుకుతాయి, పరుపుల్లో ఉండే సన్న పురుగుల మలం మాత్రం బరువుగా ఉండి కాసేపటికే కిందికి దిగిపోతుంది, అది గాల్లో కంటే దిండులో ఎక్కువ ఉంటుంది, బాబు ముక్కు ఉండేదీ దిండు మీదే. డాక్టర్ గారు అలర్జీ టెస్ట్ లో ఆ పురుగుల పేరు చెప్పి ఉంటే ముందు దుప్పట్లు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకడం, దిండుకీ పరుపుకీ జిప్ కవర్లు వేయడం, ఇవి మెషీన్ కంటే ముందు చెయ్యండి. గోడ మీద తేమ మచ్చ ఉంటే లీకు ఆపించడం ముందు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే ఏ మెషీనూ దాన్ని మొయ్యలేదు, బయటికి పంపించండి. వంటింటి పొగకి ఎగ్జాస్ట్ ఫ్యానే మందు, ప్యూరిఫైయర్ ని పొయ్యి దగ్గర పెడితే నూనె ఆవిరి పట్టి ఫిల్టరు త్వరగా పాడవుతుంది. ఇంకోటి, ఇది మందుకి బదులు కాదు, మెషీన్ వచ్చింది కదా అని ఇన్ హేలర్ తగ్గించడం లాంటివి డాక్టర్ చెప్పకుండా చెయ్యొద్దు.

కొనేటప్పుడు ఇంకేం అడగాలి అంటే, ఫిల్టర్ విడిగా దొరుకుతుందా, ఎంత, ఏడాదికి ఎన్ని కావాలి. మెషీన్ చవగ్గా ఇచ్చి ఫిల్టర్ మీద రాబట్టుకునే వ్యాపారం ఇది, రెండేళ్ల ఫిల్టర్ల ఖర్చు మెషీన్ ధరకి కలిపి అప్పుడు పోల్చండి, వరస మారిపోతుంది చాలాసార్లు. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది వస్తుంది, దుమ్ము ఎక్కువుంటే తక్కువే. ఫిల్టర్ మార్చమని వెలిగే లైటు చాలావాటిల్లో ఉత్త గంటల లెక్క, ఫిల్టర్ ని చూసి వెలిగేది కాదు, కాబట్టి మీ కళ్లతో కూడా చూడండి, తెల్లటి మడతలు బూడిద రంగు దాటి నల్లబడ్డాయా, ఒకప్పటి కంటే గాలి తగ్గిందా అని. కడిగి వాడుకోవచ్చు అనే హెపా కొనకండి, మామూలు హెపాని మీరు కడగనూ కడగకండి, ఈ ఫిల్టర్లలో చాలావాటి పోగులకి విద్యుదావేశం ఉంటుంది, నీళ్లు తగిలితే అది పోయి చూపుకి శుభ్రంగా పనికి సున్నాగా తయారవుతుంది. ముందుండే వలని మాత్రం రెండు మూడు వారాలకోసారి వాక్యూమ్ తో లాగేయండి. కరెంటు భయం పెట్టుకోకండి, 50 వాట్ల మెషీన్ రోజంతా హై లో తిరిగినా 1.2 యూనిట్లు, మధ్య స్పీడ్ లో అందులో సగం కూడా కాదు. వైఫై, యాప్, రంగుల లైటు ఉంటే ఉన్నాయి లేకపోతే లేదు, ఆ లైటు రాత్రి పూర్తిగా ఆరిపోతుందా అన్నది మాత్రం చూసుకోండి. హ్యూమిడిఫైయర్ కలిపినవి వద్దు, ఆ నీళ్ల ట్యాంకు రోజూ కడిగే ఓపిక ఎవరికుంది.

ఇంటికి తెచ్చాక మొట్టమొదట చెయ్యాల్సిన పని, కరెంటులో పెట్టకముందే వెనక మూత తీసి ఫిల్టర్ బయటికి లాగి దాని మీదున్న ప్లాస్టిక్ కవర్ తీసేయడం. నవ్వకండి, చాలా మెషీన్లలో ఫిల్టరు కవర్ తోనే లోపల కూర్చుని వస్తుంది, అది తియ్యకుండా నెలల తరబడి నడిపినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఫ్యాను తిరుగుతుంది, లైటు పచ్చగా వెలుగుతుంది, గాలి మాత్రం ఫిల్టర్ లోకే వెళ్లదు. తీశాక బాణం గుర్తు ఉంటే అది ఎటు చూపిస్తే అటు పెట్టండి.

గోడకి, పరదాకి, మంచం అంచుకి కనీసం అడుగు దూరంలో పెట్టండి, గాలి పీల్చుకునే వైపు ఏదీ అడ్డు ఉండకూడదు. బాబు తలవైపు గదిలో పెడితే మంచిదే గానీ గాలి సూటిగా ముఖానికి కొట్టేలా వద్దు, పైన జాలీలో వేళ్లు దూరేంత సందు ఉందా అని కూడా చూసుకోండి. ఆటో మోడ్ ని నేను వాడమని చెప్పను, సెన్సర్ మెషీన్ లోపలే ఉంటుంది, తన చుట్టూ ఉన్న గాలి శుభ్రమైపోగానే గదంతా బాగుందనుకుని స్పీడ్ తగ్గించేస్తుంది, అవతలి మూల బాబు మంచం దగ్గర ఏముందో దానికి తెలీదు. మధ్య స్పీడ్ లో పెట్టి వదిలేయండి. సెన్సర్ కన్ను మీద దుమ్ము పడితే తప్పుడు నంబర్లు చూపిస్తుంది, ప్లగ్ తీసి పొడి కాటన్ బడ్ తో రెండు మూడు నెలలకోసారి తుడవండి.

మీవారికి నమ్మకం కుదరాలంటే గాల్లో సన్న దుమ్ముని కొలిచే చిన్న పీఎం 2.5 మీటర్ ఎవరి దగ్గరైనా ఒక రాత్రికి అడిగి తెచ్చి మంచం దగ్గర పెట్టండి, మెషీన్ దగ్గర కాదు. తలుపులు వేసి, మెషీన్ ఆన్ చేసేముందు ఎంతుందో, నలభై నిమిషాల తర్వాత ఎంతుందో ఆయన్నే చదవమనండి. 24 గంటల సగటు క్యూబిక్ మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత, అక్కడిదాకా దిగకపోయినా మొదటిదాంట్లో మూడో వంతుకి వస్తే మీ మెషీన్ పని చేస్తున్నట్టే. దిగకపోతే ముందు తలుపు కింద సందుకి గుడ్డ పెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ దిగకపోతే వెనక్కిచ్చే గడువు దాటకముందే ఇచ్చేయండి. రోజూ బాబు పడుకోవడానికి అరగంట ముందు గది మూసి హై లో పెట్టి, పడుకోబెట్టేటప్పుడు మధ్య స్పీడ్ కి దించండి.